ప్రేక్షకునికిని శిక్ష



రచ్చబండయొద్ద బుఱ్ఱకథ వినని పెద్దలు మన పల్లెలలో అరుదు. నడుమ తంబురతో కథకుడు, ఇరుప్రక్కల డక్కీలతో ఇద్దఱు వంతలు. ఒకడు నవ్వించును. రెండవవాడు రాజకీయపు వంత. కథ పల్నాటియుద్ధమే కానిండు, వాడు నడుమ అందుకొని నేటి పన్నుల మాటయు, దొరల మాటయు ఎత్తును. మనము చెవిలో మాత్రమే చెప్పుకొను మాటను పదిమందిలో పలుకుటయే వాని పని.

భయము చిత్రమైనది. ఎవరికి వారు తామొక్కరే భయపడుచున్నామని తలతురు. వంత పలుకగా జనమంతయు ఒక్కమాఱు నవ్వినచో, ఆ భయము అందఱిదియునని తేలిపోవును. ప్రభువులకు కంటగింపు అచ్చటనే.

కావుననే 1876లో ఆంగ్లప్రభుత్వము నాటకప్రదర్శనముల చట్టము చేసెను. రాజద్రోహకరమని తోచిన నాటకమును నిషేధింపవచ్చును; పోలీసులు తెరలను, దుస్తులను పట్టుకొనిపోవచ్చును. ఇంతవఱకు ఊహింపదగినదే. కాని నిషేధమని యెఱిగియు చూడవచ్చిన ప్రేక్షకునికిని మూడు నెలల వఱకు ఖైదు గాని, జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చునని అందే యున్నది. ఆడినవానితో సమముగా చూచినవానికి! ఆ చట్టములోనెల్ల తెలివైన ముక్క ఇదియేయని నాకు తోచును. ఆడువానిని బంధించిన వాడొక్కడే మానును. చూచువానిని బెదరించిన ఊరే మానును. ఈ చట్టము 2018లో గాని రద్దు కాలేదు.

నైజాము రాజ్యములో సభ జరుపుటకే ముందుగా అనుమతి కావలసియుండెను. ఆ ఉత్తరువును గస్తీ నిషాన్ 53 అనిరి. అక్కడి రైతుల పోరాటమును సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు గార్లు 1947లో ‘మా భూమి’ నాటకముగా వ్రాసిరి. ప్రజానాట్యమండలి దానిని ఆంధ్రజిల్లాలలో ఊరూర ఆడగా మద్రాసు ప్రభుత్వము నిషేధించెను. సరిహద్దుకు ఈవలనున్న ప్రభుత్వమునకు దిగులేలనందురా? ఆవలి దొరను వేదికపై చూచినవారు ఈవలి జమీందారును గుర్తుపట్టెదరు గదా!

ఈనాటి కావలి వేఱు. హైదరాబాదు నుండి శంషాబాదు పోవు త్రోవలో ఆరాంఘరు కూడలి కలదు. పేరునకు విశ్రాంతిగృహమని అర్థము; చెంతనే శివరాంపల్లిలో జాతీయ పోలీసు అకాడమీ. అచ్చటి స్తంభములపై కెమెరాలున్నవి. క్రింద జనము బస్సులకై త్వరపడుచుందురు. తలయెత్తి చూచువానిని నేను కానలేదు.

వెనుకటి జవాను కథ వినుచునే కాగితముపై వ్రాసికొనెడివాడు. వంత వానివైపు చేయిచూపి ఒక ఛలోక్తి విసరవచ్చును. వాడును మనుష్యుడే గనుక నవ్వాపుకొనలేకపోవచ్చును. కెమెరాకు నవ్వు రాదు.

దొంగలను పట్టుటకు అవి పనికివచ్చుననుట నిజమే. తెలంగాణ పోలీసువారి ‘నేను సైతం’ పిలుపుపై పల్లెలవారును చందాలెత్తి పెట్టించుకొనిరి. నేను వలదనను. కాని రచ్చబండవైపు తిరిగిన కెమెరా దొంగనొక్కనినే చూడదు, కథ విని నవ్వినవారినందఱను చూచును. మీ యూరిది ఏ దిక్కునకు తిరిగియున్నదో, ఆ బొమ్మలు ఎవరిచేత, ఎన్నాళ్లు ఉండునో, ఈమాఱు కథ పెట్టించుటకు ముందు అడిగి తెలిసికొనుడు.