ఇంటి పక్క ఇరుకు జాగాకు ఏ మొక్క?



మా బేగంపేటలో పాత ఇళ్ళు చాలామటుకు అపార్టుమెంట్లయిపోయాయి. మిగిలిన విడి ఇళ్ళలో చూడండి, ఇంటిగోడకూ ప్రహరీగోడకూ నడుమ ఓ సందు, ఆ సందులో గోడవెంబడి అడుగున్నరో రెండడుగులో మట్టిజాగా వుంటుంది. కుర్చీ వేసుకోవడానికి చాలదు, వదిలేస్తే గడ్డి మొలుస్తుంది. అక్కడ నిలువుగా ఎదిగి, కిటికీలోంచి రంగురంగులుగా కనబడే మొక్క ఉంటే బాగుండునని ఏ ఇల్లాలికి ఉండదు? నర్సరీకి వెళ్ళి పువ్వు బాగుందని ఓ మొక్క తెచ్చేస్తాం. అయితే ఇలాంటి చోట పువ్వుకంటే ముందు జాగాను చూడాలి. దాని వెడల్పెంత, ఎండ ఎన్ని గంటలు పడుతుంది, నీళ్ళు ఎక్కడినుంచి వస్తాయి, ఈ మూడూ తెలిస్తే సగం పని అయినట్లే.

మామూలుగా మనకు తోచే మొక్కల్నే తీసుకుందాం. నిటారుగా పెరిగే అశోక ఉంది. ఎత్తుకు ఎత్తే గాని రంగు లేదు; ముప్ఫై అడుగులు దాటే చెట్టును గోడపక్కన పెట్టడం మంచిది కాదు. కాగితాల పూలచెట్టు ఎండకు తట్టుకుంటుంది, నీళ్ళు పెద్దగా అడగదు. కాని ముళ్ళకొమ్మలు అడ్డంగా వస్తాయి. ఆ సందులోంచి బిందె పట్టుకుని నడిచేవాళ్ళ మోచేతులు గీరుకుపోతాయి.

గన్నేరు సంగతి గట్టిగా చెప్పాలి. ఎర్రగన్నేరు గాని, పచ్చగన్నేరు గాని ఆకు, పువ్వు, కాయ, పాలు అన్నీ విషమే. రోడ్ల మధ్య పెంచుతున్నారు గదా అని పసిపిల్లలున్న ఇంట్లో, పశువులు తిరిగే చోట పెట్టకండి. ఏ పిల్లవాడైనా నోట పెట్టుకున్నాడని అనుమానం వస్తే చిట్కావైద్యాలతో పొద్దుపుచ్చకుండా, ఆ కొమ్మ ఒకటి చేతబట్టుకుని వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

పూజకు పూలు కావాలంటే మందారం ఉండనే ఉంది. దానికి మూడడుగుల వెడల్పయినా కావాలి, ఏటా కత్తిరించుకోవాలి. పిండినల్లి పడితే లీటరు నీళ్ళకు ఒక చెంచా వేపనూనె, కాస్త సబ్బునీళ్ళు కలిపి చల్లాలి.

ఇక అడుగున్నర జాగాకు నేను చెప్పేది మెట్టతామర. నర్సరీవాళ్ళు కేనా అంటారు. దీని స్వస్థలం అమెరికా ఖండం. నల్లటి గింజలు తుపాకీ రవ్వల్లా గట్టిగా ఉంటాయి గనుక ఇంగ్లీషువాళ్ళు దీనికి ‘ఇండియన్ షాట్’ అని పేరుపెట్టారు. కాడ నిటారుగా లేస్తుంది, అరటాకుల్లాంటి ఆకులు, పైన ఎరుపు, పసుపు, నారింజ రంగుల పూలు. పొట్టి రకాలు రెండుమూడడుగుల దగ్గరే ఆగిపోతాయి. ఐదారడుగులు ఎదిగే రకమేనా అని అడిగి మరీ తీసుకోండి.

తొలకరి వానలు పడగానే నాటడం మంచిది. కొత్తగా కట్టిన ఇంటి పక్క మట్టిలో సున్నం, సిమెంటు పెళ్ళలు, ఇటుకముక్కలు ఉంటాయి. అడుగులోతు తవ్వి అవి ఏరి పారేసి, చివికిన పశువుల ఎరువు కలపండి. గోడకు ఆనించకుండా, జాగాకు నడిమధ్య, ఒక్కొక్క దుంపకూ అడుగున్నర ఎడం ఉంచి, మొలక పైకి వచ్చేట్టు మూడంగుళాల లోతున పెట్టండి. మట్టిని మాత్రం బేస్‌మెంటు పైకి ఎగదోయకండి. గోడ చెమ్మ పీలుస్తుంది. మట్టం అరడుగు దిగువనే ఉండాలి. పూసి అయిపోయిన కాడను మొదలంటా కోసేస్తే పక్కన కొత్తది వస్తుంది. రెండుమూడేళ్ళకొకసారి దుంపలు తవ్వి విడదీసి, మిగిలినవి పక్కింటి వదినగారికి ఇవ్వవచ్చు. ఆకులు చుట్టచుట్టుకుంటే లోపల పురుగు ఉన్నట్టు, ఆ ఆకు తుంచి పారేయండి.

రోజుకు ఐదారు గంటల ఎండ లేకపోతే ఇది సరిగా పూయదు. ఉత్తరపు గోడ నీడలో అయితే పూలమీద ఆశ వదులుకుని, వెలుతురు బాగా వచ్చే చోట క్రోటన్లు పెట్టుకోండి. ఆకుల రంగే పువ్వు అవుతుంది.

మెట్టతామరకు నీళ్ళు కావాలి. మే నెల ఎండల్లో మరీను. స్నానాల గది నీళ్ళు, కూరలు కడిగిన నీళ్ళు దానికి చాలు. ఫినాయిలు, బ్లీచింగు కలిసినవి మాత్రం పోయకండి. కాని పాదులో నీళ్ళు నిలవనివ్వకూడదు. ఈ మాట బేగంపేటవాళ్ళకు ఇంకొకరు చెప్పనక్కరలేదు. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ అనే డాక్టరు దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుక్కున్నది ఇక్కడే. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. వారం పదిరోజులు నీళ్ళు నిలిస్తే చాలు, దోమ పిల్లలు రెక్కలొచ్చి కిటికీలోంచి మన పడకగదిలోకే వస్తాయి. అంచేత పాదుకు ఒకవైపు కాస్త వాలు ఉంచి, పోసిన నీళ్ళు ఆ పూటకే ఇంకిపోతున్నాయో లేదో చూసుకోండి.

కొలతబద్ద పట్టుకుని ఓసారి ఇంటిపక్కకు వెళ్ళి రండి. ఉదయం ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి ఎండ ఎక్కడ పడుతుందో చూడండి. నర్సరీకి ఆ తరవాతనే బయలుదేరండి.

సెలవు.