డప్పు వినగానే పాదం ఎందుకు ఆడుతుంది?

(సరిహద్దు తెలుగు బాలబాలికల కళా శిక్షణ శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



డప్పు మోగితే కూర్చున్నవారి పాదం సైతం తనంత తానే ఆడుతుంది. ఇందుకు కారణం చప్పుడేనని చాలామంది తలుస్తారు. కేవలం చప్పుడే అయితే పిండిమర వద్ద కూడా మనం చిందులు వేయాలి కదా! మనలను కదిలించేది దెబ్బకూ దెబ్బకూ నడుమ ఉన్న ఎడం.

లయ వింటున్నప్పుడు మెదడు రాబోయే దెబ్బను ముందుగానే లెక్కిస్తుంది. శరీరం నిశ్చలంగా ఉన్నా, కదలికలకు సంబంధించిన మెదడు భాగాలు చురుకుగా ఉంటాయని 2007లో గ్రాన్, బ్రెట్ అనే పరిశోధకులు చూపించారు.

2014లో వీటెక్ బృందం 50 డ్రమ్ము వరుసలను 66 మంది చేత పరీక్షింపజేసింది. దెబ్బలన్నీ ఊహించిన చోటే పడితే కదలాలన్న కోరిక తక్కువ. ఎక్కడ పడతాయో అంతుబట్టకపోయినా తక్కువే. కొన్ని మాత్రమే చోటు తప్పినప్పుడు ఆ కోరిక అత్యధికం. ఖాళీగా మిగిలిన చోటును మన పాదం పూరిస్తుందని నాకు తోస్తుంది.

ఇక వాద్యాల నడుమ సూక్ష్మమైన ముందువెనుకల మాట. సంగీతానికి బలం ఆ స్వల్ప భేదాలేనని 1987లో అమెరికా పండితుడు చార్లెస్ కైల్ వాదించారు. 2013లో డేవీస్ బృందం పరీక్షిస్తే, భేదాలు పెరిగిన కొద్దీ ఆకర్షణ తగ్గింది. 2022లో జర్మనీలోని గొట్టింగెన్ పరిశోధకులు మరొక సంగతి కనుగొన్నారు. జాజ్‌లో ప్రధాన వాద్యకారుడు ముఖ్య ఘాతాల వద్ద సుమారు 30 మిల్లీసెకన్లు వెనుకబడి, నడిమి ఘాతాల వద్ద తక్కినవారితో కలిస్తే ఊపు హెచ్చుతుంది. కనుక ఎడం ఉన్నంత మాత్రాన చాలదు. ఏ ఘాతం వద్ద, ఎంత అన్నదే ప్రధానం.

ఆ అంకెను డప్పుకు అతికించరాదు; గ్రహించవలసింది సూత్రమే. తాళం నిలకడగా ఉంటేనే ముందువెనుకలకు అర్థం. తాళంతో కలిసి ఎత్తుకుంటే సమమనీ, ముందువెనుకలుగా ఎత్తుకుంటే అతీత, అనాగతాలనీ మన శాస్త్రం పేర్లు పెట్టింది. అవి అక్షరాల కొలతలు, ఇవి రెప్పపాటు కన్న చిన్నవి. అయినా రెండింటికీ నిలకడైన తాళమే ఆధారం.

నేడు పెళ్ళికీ జాతరకూ రికార్డు పెట్టడం సులువు. అయితే రికార్డు ఆడేవారి అడుగును గమనించదు, అలసిన గొంతు కోసం ఆగదు. సిర్రకూ చిటికెన పుల్లకూ, కథకుని అందెలకూ వంతల గుమ్మెటకూ నడుమ ఉండే ఎడాన్ని మనిషి మనిషిని వింటూనే నేర్వాలి. కన్నడ, తమిళ, ఒడియా, మరాఠీ బడులలో చదివే మన పిల్లలకు వంతపాటలోని తెలుగు పదం కూడా ఆ వినికిడిలోనే నాలుకకు పట్టుబడుతుంది.

కాబట్టి తల్లిదండ్రులకు నా మనవి ఒక్కటే. పిల్లలకు మొదట నిలకడైన తాళం నేర్పించండి. ఆ వెంటనే జట్టులో నిలబెట్టండి. పక్కవాడి దెబ్బను వినగలిగిననాడే తన దెబ్బ ఎక్కడ వేయాలో బిడ్డకు తెలుస్తుంది.