నాదస్వరవిద్య – అంతర్జాలము
(పొదిలి పఠనమందిరమున చేసిన ప్రసంగము)



మన సీమనుండి ప్రత్తియు, మిరపయు, పొగాకును దేశదేశములకు పోవుట అందఱెఱిగినదే. సంగీతవిద్వాంసులు సయితము పోయిరని కొందఱే యెఱుగుదురు. ఒంగోలు చెంతనున్న కరవదియందు 1924లో జన్మించిన షేక్ చినమౌలానా సాహెబుగారు తంజావూరు బాణీని అభ్యసింపగోరి, నాచియార్‌కోవిల రాజం, దురైక్కణ్ణు సోదరుల నాశ్రయించి, తుదకు శ్రీరంగమున స్థిరపడిరి. 1998లో మదరాసు సంగీతవిద్వత్సభవారు ఆయనను సంగీతకళానిధి బిరుదముతో గౌరవించిరి. ఆయన శిష్యులగు కాలీషాబీ, మహబూబ్ సుబానీ దంపతులకు 2020లో పద్మశ్రీ లభించినది. మహమ్మదీయ కుటుంబములవారు దేవాలయముల ముంగిట త్యాగరాజకృతులను వాయించుట ఈ ప్రాంతమున తరతరములుగా వచ్చుచున్న సంప్రదాయము. ఇట్టి విద్య నశించినచో, నశించునది వాద్య మొక్కటియే కాదు.

నేడు గురువు శ్రీరంగమున నున్నాడు. నేర్వదగిన బాలుడు పొదిలిలో నున్నాడు. వానిని ఏండ్లతరబడి గురుకులమున నుంచుటకు తండ్రికి శక్తి చాలదు. ఈ లోపమును అంతర్జాలము కొంత తీర్పగలదు. శబ్దము ఆలస్యముగా చేరును గావున, దూరముననున్న యిద్దఱు కలిసి వాయించిన తాళము తప్పునని కొందఱి యాక్షేపణ. నిజమే. కాని మన పెద్దలు విద్య నెట్లు చెప్పిరి? గురువు ఒక సంగతిని వినిపించును. శిష్యుడు దానిని మరల వినిపించును. ఈ సంథపద్ధతికి క్షణకాలపు విలంబము అడ్డు గాదు. అయినను యంత్రము గురువు కాజాలదు. పీకను పెదవుల నడుమ పట్టుట, ఊపిరిని నిలుపుట గురుసన్నిధిని గాని పట్టువడవు.

మఱియొక ప్రమాదము కలదు. లోకమంతయు ఒకే విద్వాంసుని ముద్రణమును విని యనుకరించినచో బాణీలన్నియు నొక్కటియై పోవును. కావున మనము వినువారము మాత్రమే కాక వినిపించువారము గూడ కావలెను. పల్లెలలో మిగిలియున్న వృద్ధవాద్యకారుల పెండ్లివరుసలను, ఊరేగింపువరుసలను ముద్రింపవలెను. వాని మీది పేరును, ప్రతిఫలమును వారికే దక్కింపవలెను. విదేశాంధ్రుల బిడ్డలకు వారిచేతనే పాఠములు చెప్పింపవలెను.

ఇందులకు గొప్ప నిధి యక్కఱలేదు. ఈ మందిరమున ఒక గది, ఒక తెర, రెండు నాదస్వరములు, వారమునకు రెండు సాయంకాలములు చాలును. కులమతభేదము గాని, బాలబాలికల భేదము గాని పాటింపక శిష్యుల నెన్నుకొని, వేసవిలో ఒక మాసము గురుసన్నిధికి పంపుటకు చందాలు వేసికొందము. దేవుని యూరేగింపునకు యంత్రసంగీతముతో తృప్తిపడు పట్టణము, కొంతకాలమునకు వాయించువానిని వెదకినను కానజాలదు.