బిగిసిన బోల్టు – బలప్రయోగం వద్దు
(ఆదోని పెన్షనర్ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆదోనిలో గాని, ఎమ్మిగనూరులో గాని ఉద్యోగం చేసిన మనకు ట్రెజరీ గార్డు భుజాన ఉండిన త్రీ నాట్ త్రీ రైఫిలు పరిచయమే. 1907లో బ్రిటిష్ సైన్యం స్వీకరించిన ఆ నమూనాను బెంగాల్‌లోని ఇషాపూర్ ఫ్యాక్టరీలో దశాబ్దాల పాటు తయారు చేశారు. ఉత్తరప్రదేశ్ పోలీసులు 2020 జనవరి 26 పెరేడ్‌తో దానికి వీడ్కోలు పలికారు. అది నిషిద్ధ బోరు గనుక మామూలు లైసెన్సుపై ఇవ్వరు. అయితే లైసెన్సుదారుల వద్ద ఉండే .315 రైఫిలు బోల్టు కూడా ఆ పద్ధతిదే.

ఏళ్ల తరబడి బీరువాలో ఉన్న రైఫిలు బోల్టు కదలకపోతే ఏమి చేయాలి? తెరిచి చూసేంత వరకు లోపల తూటా ఉన్నదనే భావించాలి. గొట్టం మనుషులు లేని దిక్కుకు ఉంచాలి. ట్రిగ్గరుపై వేలు పెట్టరాదు.

త్రీ నాట్ త్రీలో ఏ లోపమూ లేకుండానే బోల్టు బిగిసే కారణాలు రెండున్నాయి. ఒకటి, ఎడమ పక్కనున్న సేఫ్టీ మీట వెనక్కి తిప్పి ఉండడం. రెండు, వెనుకనున్న కాకింగ్ పీసు సగంలో ఆగి ఉండడం. అప్పుడు బోల్టూ తిరగదు, ట్రిగ్గరూ పనిచేయదు. వీటిని ఆయుధం బాగా తెలిసిన లైసెన్సుదారుడే సరిచేయాలి.

ఇవి కాకపోతే ఎండిన గ్రీజో, తుప్పో, ఇరుక్కున్న తూటాయో కారణం కావచ్చు. పైకి చూసి ఏదో చెప్పలేము. అందుచేత సుత్తితో కొట్టడం, గొట్టంలో కడ్డీ దూర్చడం, వేడి చేయడం ఎంతమాత్రం కూడదు. వేరే రైఫిలు బోల్టు అమర్చడమూ ప్రమాదమే. రైఫిలు నంబరు బోల్టు మీద కూడా కొట్టి ఉండేది అందుకే. తూటా ఉన్నదన్న అనుమానముంటే పోలీసు స్టేషనుకు కబురు చేయాలి. లేదని తేలిన తరువాతే లైసెన్సు గల మరమ్మతుదారునికి చూపించాలి.

గుమాస్తాగా పనిచేసిన వాడిని గనుక కాగితాల సంగతీ మనవి చేస్తాను. లైసెన్సుదారుడు కాలం చేస్తే ఆయుధం ఉంచుకునే హక్కు భార్యాబిడ్డలకు దానంతటది రాదు. 1959 ఆయుధాల చట్టం 21వ సెక్షను ప్రకారం జాప్యం చేయక దగ్గరి పోలీసు స్టేషనులో గాని, లైసెన్సు గల డీలరు వద్ద గాని డిపాజిట్ చేసి రసీదు పొందాలి. 2016 నిబంధనల ప్రకారం లైసెన్సుదారునికి 70 ఏళ్లు నిండినా, ఆయుధం 25 ఏళ్లు తన వద్ద ఉన్నా, బ్రతికి ఉండగానే వారసుని పేర లైసెన్సుకు దరఖాస్తు చేయించవచ్చు. ఈ సభలో డెబ్బై దాటని వారు ఎందరున్నారు?

మనం ఈ పని వాయిదా వేస్తే రేపు కేసులో చిక్కుకునేది మన ఇంటి ఆడవాళ్లు, పిల్లలు. లైసెన్సున్న సభ్యులు ఈ వారమే పుస్తకం తీసి గడువు తేదీ చూసుకోవలసినదిగా కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.