కుక్కలలో థైరాయిడు మాంద్యము



2001 ఫిబ్రవరి 28న మన కోలారు బంగారు గనులు మూతపడిన పిమ్మట, మన పిల్లలలో అనేకులు తెల్లవారుజామున రైలెక్కి బెంగుళూరు పనులకు పోవుచున్నారు. పగలంతయు ఇంటికడ మిగులువారు పెద్దలు. వారికి తోడు కుక్క. కావున దానిలో మెల్లగా వచ్చు మార్పును ముందుగా గుర్తింపగలవారు పెద్దలే. అట్టి మార్పులలో ఒకదానిని గూర్చి నేడు మనవి చేయుదుము.

కుక్క గొంతులో వాయునాళమున కిరువైపుల థైరాయిడు గ్రంథి కలదు. దేహము ఆహారమును శక్తిగా మార్చు వేగము దీని స్రావముపై ఆధారపడియుండును. దేహరక్షణ శక్తియే పొరబడి ఈ గ్రంథిని నాశనము చేయుటచేతనో, గ్రంథి తనంతట కృశించుటచేతనో స్రావము తగ్గును. కుక్కలలో అయోడిను లోపము ఇందుకు కారణమగుట మిక్కిలి అరుదు. అన్నములో ఉప్పు పెంచినందున మేలు కలుగదు.

ఈ వ్యాధి తరచు నడివయస్సున కనబడును. గోల్డెన్ రిట్రీవర్, డాబర్‌మన్, బాక్సర్ జాతులకు హెచ్చు. అయినను నాటుకుక్కకు రాదనరాదు. తిండి పెరుగకయే కుక్క లావెక్కును. ఎల్లప్పుడును పడుకొనియుండును. చలికి ఓర్వక వెచ్చని చోటు వెదకును. అంతగా దురద లేకయే రెండు ప్రక్కలను వెండ్రుకలు రాలును. తోక ఎలుకతోకవలె బోడియగును. చర్మము నల్లబడును. మనము దానిని ముసలితనమనియో, సైనైడు దిబ్బల దుమ్ము చేసిన పనియనియో తలచి ఊరకుందుము. ఆ ఊరకుండుటవలననే, కుదురదగిన జీవి ఏండ్ల తరబడి మూల పడియుండును.

అట్లని మందగించిన ప్రతి కుక్కకును ఇదే వ్యాధి యనరాదు. పిడుదులవలన వచ్చు జ్వరము కూడ కుక్కను నీరసింపజేయును. ఇతర వ్యాధులలోను, స్టిరాయిడు మందులు వాడునప్పుడును రక్తములో థైరాయిడు స్రావము తగ్గినట్లు కనబడును. కావున టీ-4 పరీక్ష ఒక్కటి చాలదు, టీ.యస్.హెచ్. పరీక్షయు చేయించుట మేలు. వాడుచున్న మందులన్నియు వైద్యునకు చెప్పవలెను. ఇచట సందేహము తీరనిచో, 1958లో స్థాపింపబడిన హెబ్బాళ పశువైద్య కళాశాల బెంగుళూరులోనే కలదు.

చికిత్స సులభము. లీవోథైరాక్సిన్ మాత్రను జీవితాంతము ఇయ్యవలెను. బరువునుబట్టి చూచినచో కుక్కకు కావలసిన మోతాదు మనుష్యుల మోతాదుకంటె చాల హెచ్చు. కావున ఇంటిలోని పెద్దల మాత్రను విరిచి పెట్టుట తగదు. కొన్ని వారములలోనే చురుకుదనము వచ్చును. వెండ్రుకలు మొలచుటకు కొన్ని నెలలు పట్టును. 4 నుండి 8 వారముల పిమ్మట, మాత్ర వేసిన 4 నుండి 6 గంటలకు, మరల రక్తపరీక్ష చేయింపవలెను. దాహము, రొప్పు, నిలుకడ లేమి కనబడినచో మోతాదు మించినదేమో యని వైద్యుని అడుగవలెను.

నెలకొకమారు కుక్క బరువు తూచి వ్రాసియుంచుడని మా మనవి. ఆ కాగితము వైద్యునకు ఎంతయో ఉపకరించును. నోరులేని జీవి తన బాధను తాను చెప్పుకొనజాలదు. దాని పక్షమున మనమే చెప్పవలెను.