హేతువు – హేత్వాభాసము: అమెరికా అంతర్యుద్ధమును గూర్చి
(వార్షిక మహాసభలో చేసిన యుపన్యాసము)

  

 ముప్పది యేండ్లకు పైగా బడిపిల్లలకు పాఠములు చెప్పి విశ్రాంతి గైకొన్నవాడను. సభారంజకముగ మాటలాడు నేర్పు నాకు లేదు. మన వంశకర్తల ఘనతను గూర్చి చెప్పుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. అది యేటేట చెప్పబడుచునే యున్నది, సంచికలలో అచ్చగుచునే యున్నది. కావున ఈ యేడు వేఱొక దేశపు కథను చెప్పుదునని వారిని బతిమాలి యొప్పించితిని. అది అమెరికా సంయుక్త రాష్ట్రములలో 1861 మొదలు 1865 వఱకు జరిగిన అంతర్యుద్ధము. పుట్టుకను బట్టి మనుష్యునకు వెలగట్టిన యొక సంఘము తాను చేయు పనికి మొదట ఏ పేరు పెట్టినది, ఓడిన పిదప ఆ పేరు నెట్లు మార్చినది యనునదే నా విషయము.

తర్కశాస్త్రమున హేతువు, హేత్వాభాసము అని రెండు మాటలు గలవు. కొండమీద నిప్పున్నదనుటకు పొగ హేతువు. దూరమునుండి పొగవలె దోచు మంచు హేతువు గాదు. హేతువువలె భాసించునది మాత్రమే. మంచును జూపి నిప్పును సాధింపబూనువాడు పండితుడైనను పొరబడినవాడే. ఈ భేదమును మనస్సునందుంచుకొని వినవలెనని ప్రార్థన.

1619వ సంవత్సరమున వర్జీనియా వలసరాజ్యమునకు ఇరువదిమందికి పైబడిన ఆఫ్రికావాసులు ఓడమీద తేబడి యమ్మబడిరి. తరువాతి కాలమున లక్షలమంది అట్లే తేబడిరి. తల్లి దాసియైనచో బిడ్డయు దాసుడేయని వర్జీనియావారు 1662లో శాసనము చేసిరి. తండ్రి యజమానుడే యైనను ఆ బిడ్డ యజమానుని సొత్తు! పొగాకు, వరి పంటలతో మొదలైన యీ దాస్యము, 1793లో ఎలీ విట్నీ ప్రత్తిగింజలు తీయు యంత్రమును కల్పించిన పిదప మఱింత ప్రబలెను. గింజ తీయుట సులభమగుకొలది సాగు పెరిగెను. సాగు పెరుగుకొలది పొలమున వంగి పనిచేయు చేతులు కావలసివచ్చెను. 1860వ సంవత్సరపు జనాభా లెక్కలలో ఆ దేశపు మూడు కోట్లకు మించిన జనములో సుమారు 40 లక్షలమంది దాసులు. దక్షిణ కరోలినా, మిసిసిపీ రాష్ట్రములందు జనులలో సగముకంటె నెక్కువమంది దాసులే. వారి వివాహమునకు చట్టబలము లేదు. భార్య నొక యూరికిని, భర్త నొక యూరికిని అమ్మినచో అడ్డుపడువారు లేరు.

బడిపంతులనగుటచే నా మనస్సును మిక్కిలి కలచినది వేఱొక సంగతి. పెక్కు దక్షిణ రాష్ట్రములలో దాసులకు చదువు చెప్పుట నేరము. ఫ్రెడరిక్ డగ్లస్ అను మహనీయుడు 1818 ప్రాంతమున దాసిగర్భమున జన్మించెను. బాల్టిమోరు నగరమున ఇంటి యజమానురాలు అతనికి అక్షరములు నేర్ప మొదలిడగా, ఆమె భర్త వారించెను. చదువు నేర్చిన దాసుడు దాసుడుగా నుండడని యాతని భయము. ఆ మాటను విన్న బాలునకు విముక్తిమార్గ మేదియో నాడే బోధపడెను. తెల్లబాలుర యొద్ద రొట్టెముక్క లిచ్చి యక్షరములు నేర్చుకొనెను. 1838లో పారిపోయి స్వతంత్రుడాయెను. 1845లో స్వీయచరిత్ర వ్రాసి లోకమును కదిలించెను. అజ్ఞానులు గనుక దాసులైరని యజమానులు వాదించుచుండిరి. దాసులుగా నుంచుటకే వారిని అజ్ఞానులనుగా నుంచిరి.

ఉత్తర రాష్ట్రములు క్రమముగ దాస్యమును మానెను. పడమట క్రొత్తగా చేరు సీమలలో దాస్య ముండవచ్చునా యను వివాదము రాజ్యమును పట్టి కుదిపెను. 1820లో నొక సంధి కుదిరెను. 1854లో అది చెడెను. పారిపోయిన దాసులను పట్టి యప్పగింపవలెనని 1850లో కఠినమైన చట్టము చేయబడెను. ఆఫ్రికా సంతతివాడు ఆ దేశపు పౌరుడు కాజాలడని 1857లో డ్రెడ్ స్కాట్ అనువాని వ్యాజ్యమున అత్యున్నత న్యాయస్థానము తీర్పు చెప్పెను. 1860లో అబ్రహాము లింకను దేశాధ్యక్షుడుగా నెన్నుకొనబడెను. ఉన్నచోట దాస్యమును తాకనని యాయన చెప్పియే యుండెను. క్రొత్త సీమలకు ప్రాకనీయనని మాత్రమే యాయన పట్టుదల. అంతమాత్రమే దక్షిణమువారికి సహింపరానిదాయెను. 1860 డిసెంబరు 20వ తేదిన దక్షిణ కరోలినా రాజ్యమునుండి విడివడెను. లింకను పదవి స్వీకరించులోపల ఏడు రాష్ట్రములు చీలి వేఱు ప్రభుత్వము స్థాపించెను; యుద్ధము మొదలైన పిదప మఱి నాలుగు చేరెను.

ఎందుకు చీలిరి? ఇందుకు మన యూహతో పనిలేదు. వారే వ్రాసి ప్రకటించిరి. తమ పక్షము దాస్యవ్యవస్థతో విడదీయరానిదని మిసిసిపీవారు తమ ప్రకటనయందు స్పష్టముగ జెప్పిరి. నూతన ప్రభుత్వమున ఉపాధ్యక్షుడైన అలెగ్జాండరు స్టీఫెన్సు 1861 మార్చి 21వ తేదిన సవానా నగరమున ఉపన్యసించుచు, తమ ప్రభుత్వమునకు మూలశిల యేదనగా నల్లజాతివాడు తెల్లవానికి సముడు కాడను నమ్మికయేయని నిస్సంకోచముగ పలికెను. ఇది హేతువు, వారి నోటనే వచ్చిన హేతువు.

ఇక ఆభాసమును జూడుడు. 1865లో ఓడిపోయిన పిదప ఆ స్టీఫెన్సుగారే 1868లో నొక పెద్ద గ్రంథము ప్రకటించి, యుద్ధము దాస్యముకొఱకు గాదనియు, రాష్ట్రముల యధికారములు గొప్పవా, కేంద్రాధికారము గొప్పదా యను రాజ్యాంగ వివాదమే దానికి మూలమనియు వాదించెను. ఏడేండ్లలో మూలశిల మాఱిపోయెను! కొడుకులు మనుమలు ఆ రెండవ మాటనే వల్లించిరి, పాఠ్యపుస్తకముల కెక్కించిరి, సేనానులకు విగ్రహము లెత్తిరి. రిచ్మండు నగరమున 1890లో నిలిపిన సేనాధిపతి లీ విగ్రహము 2021వ సంవత్సరమున గాని దిగలేదు.

ఈ రాష్ట్రాధికారమను హేతువును పరీక్షింతము. అది నిజమైన హేతువే యైనచో, ఉత్తర రాష్ట్రముల యధికారములను గూడ దక్షిణమువారు మన్నించియుండవలెను. మన్నించిరా? పారిపోయివచ్చిన దాసులను మేమప్పగింపమని ఉత్తర రాష్ట్రములు తమ శాసనసభలలో చట్టములు చేసికొనగా, అదియే మహాపరాధమని దక్షిణ కరోలినావారు తమ ప్రకటనయందు మొఱపెట్టిరి. ఆ రాష్ట్రములను కేంద్రచట్టముతో నణచవలెనని కోరినవారు వీరే. తాము వ్రాసికొన్న క్రొత్త రాజ్యాంగమున దాసులమీది స్వామ్యమునకు భంగము గలిగించు శాసన మేదియు చేయరాదని కట్టడి చేసినవారును వీరే. కావున రాష్ట్రాధికార మనునది యొకచోట నిలిచి, వేఱొకచోట తప్పిపోవుచున్నది. తార్కికులు దీనిని అనైకాంతికమందురు. రెండుచోట్లను తప్పక నిలిచిన దొక్కటియే: దాస్యము.

అట్లని ఉత్తరమువారందఱు పుణ్యమూర్తులని నేను చెప్పబోను. దక్షిణపు ప్రత్తితో నడచిన మిల్లులును, దానిమీద బ్రతికిన వర్తకులును ఉత్తరమున మెండుగా నుండిరి. దాస్యముగల నాలుగు రాష్ట్రములు లింకను పక్షముననే నిలిచెను. రాజ్యమును నిలుపుటయే తన మొదటి ధర్మమనియు, ఒక్క దాసుని విడిపింపకయే దానిని నిలుపగలిగినచో అట్లే చేయుదుననియు ఆయన 1862 ఆగస్టులో వ్రాసెను. ఆ యేడు ఏప్రిలులోనే రాజధానీ నగరమున సుమారు 3,000 మంది దాసులను విడిపించినపుడు, తలకు 300 డాలర్ల వఱకు నష్టపరిహార మిచ్చినది యజమానులకు! తరతరములు చాకిరి చేసినవారికి గాదు.

దాస్యవిమోచనమును యుద్ధపు నడిబొడ్డునకు తెచ్చినవారు దాసులే. 1861 మే నెలలో ముగ్గురు దాసులు పడవమీద పారిపోయి వర్జీనియాలోని మన్రో కోటలో ఉత్తరపు సేన యొద్ద శరణుజొచ్చిరి. చట్టప్రకారము వారిని మరల నిమ్మని యజమాని పక్షమువారు రాగా, సేనాని బట్లరు, మీరు వేఱు దేశమైతిమని చెప్పుకొనుచున్నారు గదా, మా దేశపు చట్టము మీకేల వర్తించునని త్రిప్పిపంపెను. ఆ వార్త విని వందలును వేలును కోటలకు తరలివచ్చిరి. 1863 జనవరి 1వ తేదిన లింకను విమోచన ప్రకటన చేసెను. తిరుగుబాటు సీమలకే అది పరిమితమైనను, దానితో యుద్ధపు స్వరూపమే మాఱెను. సుమారు 1,80,000 మంది నల్లజాతివారు సైన్యమున చేరి పోరాడిరి. 1863 జూలైలో గెటిస్‌బర్గు, విక్స్‌బర్గులయొద్ద దక్షిణపు బలము విరిగెను. 1865 ఏప్రిలు 9వ తేదిన సేనాధిపతి లీ లొంగిపోయెను. అయిదు దినములకే లింకను తుపాకి దెబ్బ తిని, మఱునాడు మరణించెను. ఈ యుద్ధమున 6,20,000 మంది సైనికులు మడిసిరని చిరకాలము లెక్క చెప్పుచుండిరి. అంతకంటెను హెచ్చుమంది యని తరువాతి చరిత్రకారులు తేల్చిరి. 1865 డిసెంబరులో పదుమూడవ రాజ్యాంగ సవరణముచే దాస్యము దేశమంతట రద్దాయెను.

విడుదలయైనవారు మొదట కోరినవి రెండు: భూమి, బడి. సముద్రతీరమున కుటుంబమునకు 40 ఎకరముల వఱకు నిచ్చునట్లు సేనాని షెర్మను 1865 జనవరిలో ఉత్తరువు చేసెను. లింకను తరువాత వచ్చిన అధ్యక్షుడు జాన్సను ఆ యేడే ఆ భూములను పాత యజమానులకు మరలించెను. బడులకు మాత్రము తాతలును మనుమలును కలిసి వచ్చి యొకే బల్లపై గూర్చుండి యక్షరములు దిద్దిరి. ఈ దృశ్యమును తలచుకొన్నపుడెల్ల నా కన్నులు చెమర్చును. 1868, 1870 సంవత్సరముల సవరణములచే పౌరసత్వమును, పురుషులకు ఓటును లభించెను. కాని 1877 నాటికి ఉత్తరమువారు విసిగి చేయి విడిచిరి. 1890లో మిసిసిపీవారు ఓటునకు పన్నును, చదువు పరీక్షను నియమముగా బెట్టిరి. చదువకూడదని శాసించినవారే, చదువురాదు గనుక ఓటులేదనిరి! వేర్వేరు బడులు తగవని న్యాయస్థానము చెప్పుట 1954లో. ఓటునకు గట్టి రక్షణ కల్గుట 1965లో. దాస్యము పోయిన నూరేండ్లకు!

మనకీ కథతో నేమి సంబంధ మందురా? యుద్ధకాలమున అమెరికా ప్రత్తి ఇంగ్లండు మిల్లులకు చేరకపోగా, మన దేశపు ప్రత్తికి ధర పెరిగెను. మన కృష్ణా మండలపు ప్రత్తికిని గిరాకి కలిగెను. యుద్ధము ముగియగానే ఆ ధర పడిపోయెను. ఇది బేరపు సంబంధము. ఇంతకంటె దగ్గఱి సంబంధమును పూనాలో జ్యోతిరావు ఫూలే గుర్తించెను. 1873లో ప్రకటించిన తన మరాఠీ గ్రంథమైన ‘గులామ్‌గిరి’ని, నల్లజాతివారి విముక్తికై పాటుపడిన అమెరికా ప్రజలకు ఆయన అంకితమిచ్చెను. ఆ దాస్యమునకు సాటియైనది తన యూరనే గలదని యాయన తాత్పర్యము.

నా మాట యొకటి చెప్పి ముగింతును. నేను ఉద్యోగమున చేరిన తొలినాళ్ళలో ఒక పల్లె బడిలో త్రాగునీటికుండ యొద్ద రెండు లోటాలుండెడివి. ఏ బిడ్డ దేనితో త్రాగవలెనో బిడ్డలకే తెలిసియుండెను. ఒకనాడు ఒక చిన్నవాడు నన్నడిగెను: “అయ్యగారూ, నీళ్ళు ఒక్కటే గదా, లోటాలు రెండెందుకండీ?” నేను న్యాయశాస్త్రము చదివినవాడను. హేతువు నెఱుగుదును. అయినను “ఊరి ఆచారమురా, నాయనా” యంటిని. ఆ పల్లెనుండి బదిలీయగు వఱకు ఆ రెండు లోటాలు రెండుగనే యుండెను. స్టీఫెన్సు గ్రంథమును తప్పుపట్టునపుడెల్ల నా “ఆచారము” నాకు జ్ఞప్తికి వచ్చును. నేను చూపినదియు మంచే.

మనము మన కులాభిమానమునకు సంప్రదాయమనియు, ఐకమత్యమనియు, పెద్దల గౌరవమనియు పేర్లు పెట్టుకొందుము. అవి కొన్ని యెడల నిజమే కావచ్చును. మన సంఘము చదివించిన బీద విద్యార్థులను నేనెఱుగుదును. దాతల ఔదార్యమును కాదనను. అయినను ప్రతి పేరును ఒక్కసారి పరీక్షించి చూతము: ఆ పేరుతో మనము కాపాడునది గుణమునా, లేక పుట్టుకవలన వచ్చిన పైచేయినా?

ఈ సభవారి యెదుట నాదొక్కటే విన్నపము. మన విద్యానిధినుండి ఏటేట ఇచ్చు వేతనములలో కొన్నింటిని, మన కులమువారు కాని బీదబిడ్డలకు, అందును మన పెద్దలు బడి గడప దాటనీయని యిండ్ల బిడ్డలకు, కేటాయింపుడు. అది దానమని సంచికలో వ్రాయవలదు. బాకీ యని వ్రాయుడు. ఆ మొదటి వేతనమునకై నా పింఛనులో నుండి రెండు నెలల మొత్తమును కోశాధికారిగారికి ఈ సభానంతరమున సమర్పించుకొందును. మీలో నెవరైన చేయి కలిపినచో ధన్యుడను.