మా పిల్లల లెక్క మాకు చూపాలి

(గూడెం సభలో ఒక ఉపాధ్యాయుని ప్రసంగ పాఠం)



పరిశోధనంటే యూనివర్సిటీల ముచ్చట, మనకెందుకని అనుకోవద్దు. అది మన హాస్టల్ వరండాలోకే వచ్చింది. 2009 జూలైలో అప్పటి ఖమ్మం జిల్లా భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు, సుమారు 14,000 మందికి, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా అని హెచ్‌పీవీ టీకా వేయడం మొదలుపెట్టారు. చేసింది పాత్ అనే అమెరికా సంస్థ, ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం. అందులో హాస్టళ్లలో చదివే ఆదివాసీ, దళిత పిల్లలు ఎందరో.

పిల్లలు చనిపోయిన వార్తలు వచ్చాక 2010 ఏప్రిల్‌లో ఆపారు. ఇక్కడా, గుజరాత్‌లోనూ కలిపి ఏడుగురు. ఆ చావులకు టీకా కారణం కాదని ప్రభుత్వం వేసిన కమిటీ అన్నది. ఈ టీకా ఇవాళ చాలా దేశాల్లో ఇస్తున్నారు. టీకా చెడ్డదని నేను అనడం లేదు. లెక్క చెడ్డదంటున్నా.

2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం ఈ బాగోతం బయటపెట్టింది. ఇక్కడి 9,543 ఒప్పుకోలు పత్రాల్లో 1,948 వేలిముద్రలు. 2,763 హాస్టల్ వార్డెన్ల సంతకాలు! నేనూ పంతుల్నే, అడుగుతున్నా: బిడ్డను కన్నదెవరు, సంతకం పెట్టిందెవరు? వార్డెన్ అన్నం పెట్టొచ్చు, హాజరు వేయొచ్చు. తల్లికి తెలియకుండా సూదికి ఒప్పుకునే హక్కు ఆయనకెవరిచ్చారు?

టీకా తర్వాత ఏ పిల్లకు ఏమైందో కనిపెట్టి రాసే ఏర్పాటు కూడా సరిగా లేదని తేలింది. రాయని లెక్కను రేపు ఇంకో డాక్టరు వచ్చి సరిచూడలేడు. అప్పుడు మన అనుమానమూ తీరదు, వాళ్ల మాటా నిలవదు. మంచి మందుకైనా చెడ్డపేరే మిగులుతుంది.

ఇక మన పని. 2009 జూన్ 15 నుంచి మనుషుల మీద చేసే మందుల పరీక్షలు ఐసీఎంఆర్ రిజిస్ట్రీలో నమోదు కావాలి. దాన్ని ఎవరైనా చూడొచ్చు. కాబట్టి ఊళ్లోకి సూది వచ్చిననాడు అడగండి:

ఇది అందరికీ వేసే టీకానా, పరీక్షా? పరీక్షయితే నమోదు నంబరెంత?

కాగితం తెలుగులో, కోయ భాషలో తల్లిదండ్రులకు చదివి వినిపించారా?

పిల్లకు జబ్బు చేస్తే ఎవరు రాస్తారు, ఎవరు వైద్యం చేయిస్తారు?

ఫలితం గ్రామసభలో ఎప్పుడు చెప్తారు?

అడిగితే చదువురానోళ్లు అంటారు. అననీయండి. సంతకం రానోళ్లకైనా ప్రశ్న వస్తుంది. వేలు మనది. అది ఏ కాగితం మీద పడుతుందో తెలుసుకునే హక్కూ మనదే.

జై భీమ్!